పైడమ్మ పెరుగు

మా అన్నయ్య అసిరినాయుడు ముప్పై ఏళ్ళకు పైగా సరుకు ఓడల్లో వంటవాడు. మొంబాసా నీళ్ళు తాగాడు, మనీలా నీళ్ళు తాగాడు, రేవుల్లో బండి మీద అమ్మేదల్లా తిన్నాడు. ఒక్కనాడూ కడుపు పట్టుకుని కూర్చోలేదు. "ఇది కడుపు కాదే, ఇనప తొట్టి" అని చొక్కా ఎత్తి మరీ చరుచుకుని చూపించేవాడు. అలాంటివాణ్ణి రంగూన్‌లో ఒక గ్లాసు చెరకు రసం పడగొట్టింది.

ఇప్పుడా ఊరిని యాంగోన్ అంటున్నారు. మా ఇంట్లో మాత్రం అది ఎప్పటికీ రంగూనే. మా అమ్మ పైడమ్మ అక్కడే పుట్టింది. తాతయ్య అప్పన్న అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. యుద్ధం వచ్చి బాంబులు పడుతుంటే, అమ్మమ్మ చిన్నపిల్లగా ఉన్న మా అమ్మను వెంటబెట్టుకుని అందరితో పాటు కొండలకు అడ్డంపడి నడిచి వచ్చేసింది. తాతయ్య గుమ్మంలో నిలబడి, "మీరు నడవండి, ఓడలో చోటు దొరగ్గానే నేనొస్తాను" అన్నాడట. రాలేదు. మా అమ్మ చనిపోయే ముందు అన్నయ్య చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది, "ఒరే నాయుడూ, నువ్వు లోకమంతా తిరిగినావు గాని, మా అయ్య నిలబడ్డ గుమ్మం సూడనేదు. ఒక్కసారి సూసి రారా" అని. వాడు ఎక్కిన ఓడ ఏదీ ఎన్నడూ రంగూన్ మొహం చూడలేదు మరి.

రిటైరయ్యాక ఇంట్లో పప్పన్నం తింటూ కొన్నేళ్ళు గడిపి, అప్పుడు బయల్దేరాడు. దిగిన రోజు చెరకు రసం తాగాడు. మర్నాటికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ గుమ్మం ఉన్న వీధి పేరు కనుక్కునే లోపే ఒంట్లో నీరంతా పోయి, సగం మనిషిగా విశాఖపట్నం వచ్చి పడ్డాడు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. "మళ్ళీ ఒక్కసారి ఇలా నీరు పోతే ఇవి లేవవు. పరాయి దేశం మాట మరిచిపోండి" అని డాక్టరు నా ముందే చెప్పాడు.

మంచం మీద నుంచి అన్నయ్య నావైపు చూసి, "పుట్టిల్లే మాయమ్మకి. ఆ నీళ్ళు నాకెందుకు పడనేదే?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎందుకంటే వాడు అడిగిన ప్రశ్నకే నేను ఇరవై ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నాను.

*

నేను చేసే పని గొప్పది కాదని మా చుట్టాలందరి అభిప్రాయం. "దమయంతి ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే మా పిన్ని, "అదే, విరేచనాల మీద పరిశోధన" అని గొంతు తగ్గించి చెప్పేది. నిజమే. విశాఖలో సముద్రం కనిపించే కొండ మీద మా లాబొరేటరీ. దేశం కాని దేశం వెళ్ళిన మనిషికి కడుపెందుకు చెడుతుందో, చెడకుండా ఏం చెయ్యాలో తేల్చడం మా పని.

అన్నయ్య కోలుకున్నాక ఒకసారి లాబ్‌కు తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో గొట్టం వేసినప్పుడు తీసిన చిన్న ముక్క నుంచి మేము వాడి పేగు కణాలను పెంచాం. అగ్గిపెట్టెంత అద్దపు పలకలో రెండు సన్నటి కాలువలు, మధ్యలో పల్చటి పొర, ఆ పొర మీద అన్నయ్య కణాలు. కింద కాలువలో నీళ్ళు నెత్తురు స్థానంలో, పై కాలువ పేగు స్థానంలో.

"ఇవి నీ పేగులే అన్నియ్యా" అన్నాను.

వాడు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "నా పేగులే? ఇంత సిన్నవేటే? దీన్లోనా నాను అన్ని పీతలు కుక్కినాను?"

రంగూన్ ఆసుపత్రి నుంచి తెప్పించిన సూక్ష్మజీవి విషం ఒక్క చుక్క పై కాలువలో వేశాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పై కాలువకు తగిలించిన సన్నటి గొట్టంలో నీటి మట్టం పైకి పాకడం మొదలైంది. ఆగలేదు. గొట్టం నిండి బల్ల మీద కారింది.

"సూక్ష్మజీవి పేగును కొరకదు, చింపదు" అని చెప్పాను. "గోడకు అంటుకుని కూర్చుని ఈ విషం వదులుతుంది. విషానికి అయిదు కాళ్ళుంటాయి. మన కణం మీద ఒక రకం చక్కెర గొళ్ళేలుంటాయి. వాటిని పట్టుకుని లోపలికి దూరి, కొళాయి తిప్పేసి, పిడి విరగ్గొట్టేస్తుంది. కణంలోంచి ఉప్పు బయటికి పోతుంది, ఉప్పు వెనకాల నీళ్ళు పోతాయి. కట్టేవాళ్ళు లేరు."

అన్నయ్య చాలాసేపు ఆ పలక వంకే చూశాడు. "ఏడుత్తున్నాదే పాపం" అన్నాడు చివరికి. వాడు నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు గానీ, ఈ పాపం మాత్రం ఆ పలకలోని పేగుకే. "మరి ఆ ఊరోళ్ళకి ఇది రాదేటి?"

"చిన్నప్పుడే వచ్చి పోతుంది. ప్రతి వర్షాకాలం కాస్త కాస్త. వాళ్ళ కడుపు దాన్ని గుర్తుపట్టి గుమ్మంలోనే ఆపేస్తుంది."

"నాకూ వొచ్చుండాల కదా. నాను తిరగని రేవేది?"

"తిరగడం మానేసి ఎన్నాళ్ళయింది? కడుపు కూడా మరిచిపోతుంది అన్నియ్యా."

ఆ మాటకు వాడి మొహం చిన్నబోయింది. ఓడలన్నీ ఒంట్లోనే భద్రంగా ఉన్నాయని అనుకుంటున్నాడు పాపం.

*

ఆ విషాన్ని చంపాల్సిన పని లేదు, మోసం చేస్తే చాలు. కణం మీదుండే గొళ్ళేల్లాంటివే మన పొట్టలో ఉండే ఏదో ఒక మంచి సూక్ష్మజీవి ఒంటి నిండా మొలిపిస్తే, విషం దాన్నే పేగనుకుని పట్టుకుంటుంది. దాంతోపాటే బయటికి పోతుంది. కొళాయి జోలికి రాదు. ఇదీ మా ఆలోచన.

కాగితం మీద అంతా బాగానే ఉంది. మోసే జీవి దొరకలేదు. డైరీల నుంచి, కంపెనీల నుంచి, జపాన్ నుంచి రకరకాల పెరుగు బాక్టీరియా తెప్పించాం. ఒంటి మీద కొత్త గొళ్ళేలు మొలవగానే అన్నీ చచ్చేవి. రెండేళ్ళు అలా గడిచాయి. నాతో పనిచేసే రత్నకుమారి మధ్యాహ్నం భోజనాల దగ్గర నా డబ్బాలోంచి పెరుగు వేసుకుని, "ఇంత పుల్లటి పెరుగు ఎలా తింటావే? ఇందులో బతికేది ఎక్కడైనా బతుకుతుంది" అంది. వేళాకోళానికే అంది. ఇద్దరం తినడం ఆపేశాం.

ఆ పెరుగు సంగతి చెప్పాలి. రంగూన్ నుంచి అమ్మమ్మతో వచ్చినది మా అమ్మ కాకుండా ఇంకొకటే ఉంది, అది ఇంటి పెరుగు తోడు. అడవి దారిలో, జనం విరేచనాలతో రాలిపోతుంటే, ఆ తోడు ఎలా బతికి వచ్చిందో అమ్మ ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది. మేమూ ఒక్కోసారి ఒక్కోలా నమ్మేవాళ్ళం. అమ్మ రోజూ పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసి, గోరువెచ్చన కాగానే ఆ తోడే వేసేది. నాలుక కొసన పులుపు తగిలేది, మింగాక గొంతులో కాస్త పొగ వాసన మిగిలేది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ మా ఇంట్లో జిహ్వలన్నిటికీ ఒకటే రుచి. అమ్మ పోయిన రోజున, ఇంట్లో వండినవన్నీ పారబోయమని చుట్టాలు అన్నా నేను వినలేదు. ఏడుస్తూనే పాలు కాచి తోడు పెట్టాను. ఆదివారం ఆదివారం అన్నయ్య పై వాటాలోంచి దిగి వచ్చి, ఆఖరి ముద్ద పెరుగన్నం కళ్ళు మూసుకుని తినేవాడు. అప్పుడు వాడితో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

అందులోంచి తీసిన ఒక బాక్టీరియా బతికింది. గొళ్ళేలు మొలిచినా బతికింది. అద్దపు పలకలో అన్నయ్య పేగు మీద దాన్ని పరిచి విషం చుక్క వేస్తే, గొట్టంలో నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఆ రోజు నేనూ రత్నకుమారీ లాబ్‌లో చిన్నపిల్లల్లా గెంతాం.

ఒక చిక్కు మాత్రం ఉంది. కొత్తది గయ్యాళిది. పాత పెరుగుతో కలిస్తే, అందులోని మిగతావాటిని నాలుగైదు తోడుల్లో తుడిచిపెట్టేస్తుంది. పెరుగంటే ఒక జీవి కాదు, అదొక ఊరు. మా లాబ్ ఫ్రీజర్లో దాచిందేమో ఆ ఊళ్ళో ఒక్క మనిషిని. అందుకని ప్రయోగంలో చేరిన ప్రతివాళ్ళకూ గట్టిగా చెప్పాం. కొత్త పెరుగు రోజూ తినాలి, మానేస్తే రెండు మూడు రోజుల్లో కడుపులోంచి వెళ్ళిపోతుంది. దాన్ని ఇంటి పెరుగులో కలపకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు.

మళ్ళీ రంగూన్ పంపాలని అన్నయ్యను నేనే చేర్పించాను. అమ్మ పెరుగు మట్టి ముంతలో, కొత్త పెరుగు స్టీలు గిన్నెలో. గిన్నెకు ఎర్ర దారం కట్టాను. "ఓడలో కూరకీ మాంసానికీ ఏరే కత్తులు వాడినోణ్ణి, నాకు సెప్తావేటే" అని వాడే నన్ను కసిరాడు.

*

మన వాళ్ళు ఏమడిగినా లేదనగలరు గానీ, తోడు మాత్రం లేదనలేరు. పక్కింటామె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఇంట్లో చుక్క ఉన్నా ఇచ్చి పంపాలి. లేదంటే ఇంట్లో పాడి నిలవదని మా అమ్మ నమ్మకం. అన్నయ్యకు అమ్మ చెప్పిన మాటల్లో సగం గుర్తులేవు, ఇది మాత్రం బాగా గుర్తుంది.

పక్కింటి కళావతి కూతురి పెళ్ళిచూపుల హడావిడిలో పెరుగంతా అయిపోయి మా ఇంటికి వచ్చింది. నేను లాబ్‌లో ఉన్నాను. మట్టి ముంతలో పెరుగు అప్పుడే తోడుకుంటోంది, కదపకూడదు. స్టీలు గిన్నె నిండుగా ఉంది. ఆడమనిషి అడిగితే లేదనడమా? వాడు ఆ గిన్నెలోంచి ఒక గరిటె వేసి పంపాడు. ఎర్ర దారం కట్టింది మందు గనక మందు మంచే చేస్తుందని వాడి లెక్క. ఆ సంగతి నాకు చెప్పడం కూడా మరిచిపోయాడు.

కళావతి పెరుగు ఎండాకాలంలోనూ పులవడం మానేసింది. మీగడలా కమ్మగా, తియ్యగా ఉండేది. వీధి వీధంతా ఆమె దగ్గర తోడు పట్టుకెళ్ళింది. "మా పిల్లలకు ఈ ఏడు ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదండీ" అని ఆమె గర్వంగా నాకు చెబితే, మంచిదమ్మా అన్నాను. నాకు తట్టనే లేదు.

ఆ ఎండల్లోనే మామిడికాయల కాలం వచ్చింది. కొత్త ఆవకాయ కలిపిన రోజున నేను రత్నకుమారి వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య ఒక్కడే వేడన్నంలో ఆవకాయ కలుపుకుని, మంట చల్లారడానికి ముంతలో పెరుగంతా వేసుకుని, అడుగు దాకా వేలితో ఊడ్చి తిన్నాడు. తోడుకు చెంచాడు ఉంచడం మరిచాడు. వంటవాడు చెయ్యకూడని పని అది. గుర్తొచ్చాక కంగారుపడి కళావతి ఇంటికి పరుగెత్తాడు. ఏళ్ళ తరబడి మనింటి తోడే కదా వాళ్ళదీ, మనది మనం తెచ్చుకుంటున్నాం అనుకున్నాడు. పాలు కాచి, వేలు ముంచి చూసి, పద్ధతిగా ముంతలో తోడు పెట్టాడు.

మర్నాడు నేను ఒక ముద్ద తిని ఆగిపోయాను. ఇంకో ముద్ద తిన్నాను. పులుపు లేదు. పొగ లేదు. కమ్మగా ఉంది. అంత కమ్మటి పెరుగు నేను జన్మలో తినలేదు, అంత దుఃఖమూ పడలేదు.

చిన్న సీసాలు పట్టుకుని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళాను. మా చుట్టాల ఇళ్ళకూ వెళ్ళాను. ఎవరింట్లోనైనా పాత తోడు మిగిలిందేమోనని అడిగి చెంచాడు చెంచాడు తెచ్చాను. లాబ్‌లో రత్నకుమారి ఒక్కొక్కటే పరీక్షించి, తల ఎత్తకుండా, "ఇదీ కొత్తదే... ఇదీ కొత్తదే" అంటూ పోయింది. ఫ్రీజర్లో దాచిన ఒక్కదాన్నీ లేపి పాలలో వేసి చూశాం. పెరుగైతే అయింది గానీ, ఉత్త తెల్లటి గడ్డ. అందులో అమ్మ లేదు.

అన్నయ్యకు చెప్పకుండా ఉందామనుకున్నాను. ఆదివారం వాడే దిగి వచ్చాడు. ఆఖరి ముద్ద కలుపుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. ముంత వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. వాడు వంటవాడు, అమాయకుడే గానీ నాలుక తెలివైనది.

"నానే కదేటే?" అన్నాడు.

నేను తల ఊపాను. వాడు ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందే కూర్చున్నాడు.

*

ఆ తర్వాత రంగూన్ వెళ్ళనన్నాడు. "మాయమ్మని రెండోపాలి సంపినాను. ఏ మొగం ఎట్టుకుని ఎల్తాను?" అని మొండికేశాడు. అటు చూస్తే ప్రయోగం గెలిచింది. మా పెరుగు తిని ఎక్కడెక్కడికో వెళ్ళినవాళ్ళు రోడ్డు పక్క నీళ్ళు తాగి కూడా నవ్వుతూ తిరిగొచ్చారు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. మా పిన్ని కూడా ఈసారి గొంతు తగ్గించకుండా చెప్పిందట. నాకు మాత్రం పెరుగు గిన్నె మూత తియ్యాలంటే మనసొప్పేది కాదు.

చివరికి నేనే గట్టిగా అన్నాను. "అమ్మ పెరుగు ఖర్చుపెట్టి కొన్నాం ఈ ప్రయాణం. వెళ్ళకపోతే అదీ ఇదీ రెండూ దండగ. లే."

తోడు పొడి పొట్లాలు, చిన్న గిన్నె, టిఫిను కారియరు సర్దుకుని బయల్దేరాడు. రోజూ బసలో పాలు కొనుక్కుని తోడు పెట్టుకుని తినాలి. రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చెయ్యాలి. చేశాడు. మొదటి రోజు చేపల పులుసులో సేమ్యాలు వేసుకుని తిన్నానన్నాడు. రెండో రోజు పచ్చి ఆకుల సలాడు, ఐసు నీళ్ళు. "ఇనప తొట్టి మళ్ళీ ఒచ్చినాదే!" అని గొంతు చించుకుని నవ్వాడు. ఎన్నేళ్ళకు విన్నానో ఆ నవ్వు.

తర్వాతి రోజు రేవు పక్కన తెలుగు వాళ్ళ సందు పట్టుకున్నాడు. అక్కడి వాళ్ళు మనల్ని కోరంగీలంటారట. దాలమ్మ అనే ముసలామె ఒక్కతే తెలుగు మాట్లాడగలిగేది; అక్కని పిలిచినట్టు వాడు ఆమెను దాలప్పా అని పిలిచేవాడు. మనవరాళ్ళు బుగ్గలకు చందనంలాంటి పూత రాసుకుని బర్మా మాటలే మాట్లాడతారు. తాతయ్య పేరు చెప్పి గుమ్మం ఎక్కడని అడిగితే, ఆమె ఒక మేడ చూపించిందట.

"గుమ్మం నేదు పాపా" అన్నాడు ఫోన్లో. "నాలుగంతస్తుల మేడ. కింద సెల్‌ఫోన్ల కొట్టు. అందులో నిలబడి ఒచ్చీసినాను. ఏటి సేత్తాం?" నన్ను ఓదార్చడానికి, రేపు దాలమ్మ భోజనానికి రమ్మందనీ, ఉత్తి చేతులతో వెళ్ళకూడదు గనక మన పెరుగు టిఫిన్లో పట్టుకెళ్తాననీ చెప్పాడు. మనింట్లో పెరుగు తియ్యగా ఉంటుందని ఆమెకు గొప్పలు కూడా చెప్పాడట. గుమ్మం లేదన్న దిగుల్లో, ఎవరికీ ఇవ్వకూడదన్న మాట నాకూ గుర్తు రాలేదు.

మర్నాడు ఫోను చాలా ఆలస్యంగా వచ్చింది. నేను అప్పటికే రెండుసార్లు చేసి, ఎత్తకపోతే ఆసుపత్రి నంబరు వెతుకుతున్నాను.

"పాపా" అన్నాడు.

"కడుపా?" అన్నాను.

"కాదే. దాలప్ప పెరుగెట్టినాది. ఆలింటి పెరుగు. అమ్మదే."

వాడు ఏడుస్తూ, మధ్య మధ్య ముక్కు చీదుకుంటూ చెప్పుకొచ్చాడు. ముద్ద నోట్లో పెట్టగానే కొసన పులుపు, వెనకాల పొగ. ఈ పెరుగు ఎక్కడిదని అడిగాడు. దాలమ్మ చెప్పింది, "మాయమ్మ సెప్పీది నాయినా. పక్కింట్లో ఉండే మీ అమ్మమ్మ బిడ్డనెత్తుకుని కొండలెక్కి ఎల్లిపోయినప్పుడు, తోడుకి కాసింత తీసుకుని, మిగతా పెరుగు ముంత మా గుమ్మంలో ఎట్టి ఎల్లినాదంట. 'మా ఆయన రేవు నుంచొత్తాడు, ఆకలేత్తాది, కాసింత అన్నమూ పెరుగూ ఎట్టండమ్మా' అన్నాదంట. మీ తాత కొన్నాళ్ళు తిన్నాడంట. ఆ తరవాత ఓ పొద్దు రేవుకెల్లి మరి రానేదు. వొత్తాడేమోనని మాయమ్మ రోజూ తోడేసీది. నానూ ఏత్తన్నాను."

మా తాతయ్య చివరగా తిన్న అన్నం సంగతి మా అమ్మకు తెలియదు. ఆమెకు తెలిసుంటే ఎంత బాగుండేదని ఏడ్చాను.

"ఇంకా ఉన్నాదే, ఇను" అన్నాడు అన్నయ్య. దాలమ్మకు మనవరాళ్ళతో బాధ. ముసలమ్మ పెరుగు పుల్లగా ఉందని పిల్లలు ముట్టరట. వాడి పెరుగు తియ్యటిదని విన్నది గదా, పాలు గోరువెచ్చగా చేసి సిద్ధంగా ఉంచుకుంది. వాడు తింటూండగానే టిఫిను మూత తీసి, "నీ పెరుగే తోడేత్తాను నాయినా, పిల్లలు తింతారు" అని చెంచా ముంచబోయింది.

"నానేటి సేసినానో తెలుసా? లెగిసి ఆవిడ సెయ్యి పట్టీసినాను. ఎంగిలి సెయ్యి కాదులే, ఎడం సెయ్యి. పాడైపోనాది అప్పా, ఇరిగిపోనాది, ఎయ్యొద్దు అని అబద్ధమాడినాను. టిఫిను అట్టుకెల్లి కాలవలో పారబోసి, సలసల మరిగే నీళ్ళు అడిగి దాన్నిండా పోసినాను. తోడు అడిగితే నేదన్నాను పాపా. జన్మలో మొదటిసారి నేదన్నాను."

"మంచి పని చేశావు" అన్నాను.

"బసకెల్లి పొట్లాలన్నీ కూడా కాల్చీసినాను. గిన్నె పారీసి, తానం సేసి మళ్ళీ దాలప్ప ఇంటికే ఒచ్చినాను. ఆలింట్లోకి ఎల్లి ఒచ్చే మనిషిని. నా ఒంటిమీద ఓ నలుసు మిగిలినా ఆ ముంత బతకదు కదేటి?"

"మరి నువ్వో? అది మానేస్తే రెండు మూడు రోజులేనని చెప్పానా లేదా? ఈ వేళే విమానం చూడు. వచ్చెయ్."

"రాను. నాలుగు రోజులు ఇక్కడ తింతాను. టిక్కెట్టు అప్పుడే గదా."

"అన్నియ్యా, డాక్టరు ఏమన్నాడో మరిచిపోయావా? నీ కిడ్నీలు..."

"తెలుసే. కాచిన నీళ్ళే తాగుతాను. రోడ్డు మీద ముట్టను. ఉప్పూ పంచదార పొట్లాలు జేబులోనే ఉన్నాయి. ఇంక నన్ను తిట్టకు." అంతలోనే మెత్తగా అడిగాడు, "తోడు తేనా పాపా? ముంతలోంచి ఓ సెంచాడు?"

నా నోట్లో నీళ్ళూరాయి. నిజంగానే ఊరాయి. అది అమ్మ పెరుగో కాదో ఒక్క సీసాడు వస్తే రత్నకుమారి ఓ పూటలో తేల్చేస్తుంది. వాడి నాలుక మీద నాకు నమ్మకమే గానీ, చూసి తెలుసుకోవాలన్న నా పాడు అలవాటు పోదు. కిటికీలోంచి మా వీధి కనిపిస్తోంది. ప్రతి వంటింట్లో, ప్రతి గరిట మీద, నా చేతుల మీద కూడా ఆ కొత్తదే. నేనే పుట్టించాను దాన్ని.

"తేవద్దు" అన్నాను. "ఇక్కడ అది వారం బతకదు. అక్కడే ఉండనీ."

"మరి నీకో?"

"నా వంతు కూడా నువ్వే తిను."

అవతల కంచం జరిపిన చప్పుడు, వెనకాలే అన్నయ్య గొంతు.

"దాలప్పా, ఇంకో గరిటె ఎయ్యి. ఇది మా సెల్లిది."